న్యూయార్కు శాకాహార హోటళ్ళలో మా భోజనాలు: నా అనుభవం

మా ఇంట్లో మాంసం, చేప, గుడ్డు వండరు, తినరు. కొన్నేళ్ళ క్రితం నా భార్యకు పాలు, పెరుగు, నెయ్యి కూడా పడడం లేదని తేలడంతో డాక్టరు సలహా మీద ఆమె వాటినీ మానేసింది. ఇంట్లో వండుకున్నంత కాలం ఇది పెద్ద ఇబ్బందిగా తోచలేదు. పప్పు, పులుసు, వేపుడు, రోటి పచ్చడి, కందిపొడి, నువ్వుల నూనె ఉన్న వంటింట్లో పాలు లేని భోజనం అమర్చడం కష్టమేమీ కాదు. చిక్కంతా బయట తినవలసి వచ్చినప్పుడే. మేము జెర్సీ సిటీలో ఉంటాము. హడ్సన్ నది అడుగు నుంచి వెళ్ళే పాత్ రైలు ఎక్కితే మాన్‌హాటన్ నడిబొడ్డున 33వ వీధి స్టేషన్లో దిగుతాము. లోకంలోని దేశాలన్నింటి వంటలూ దొరికే నగరం అంత దగ్గరలో ఉండి కూడా, మొదట్లో మేము అక్కడ తిన్నవి చాలావరకు ఆకుల సలాడు, బంగాళాదుంప వేపుడు (ఫ్రెంచ్ ఫ్రైస్), టమాటా సాసు కలిపిన పాస్తా మాత్రమే. అక్కడి నుంచి, ఊరి నుంచి పెద్దవాళ్ళు వచ్చినా నిశ్చింతగా బయట భోజనానికి తీసుకువెళ్ళగలిగే దాకా ఎలా వచ్చామో, ఏ హోటల్లో ఏమి తెలుసుకున్నామో చెబితే ఇటువంటి నియమాలున్న కుటుంబాలకు ఉపయోగపడుతుందని ఇది రాస్తున్నాను.

ముందుగా తెలుసుకోవలసి వచ్చినది, ఇక్కడి వంటల్లో మాంసం ఎప్పుడూ కంటికి కనిపించే ముక్కగానే ఉండదన్న సంగతి. థాయ్ హోటల్లో కోడిమాంసం వద్దని చెప్పి తెప్పించుకున్న కూరలో చేపల సాసు ఉంటుంది, ఆ కూరకు ఆధారమైన ముద్దలో రొయ్యలు నూరి కలిపి ఉండవచ్చు. మెక్సికన్ హోటల్లో చిక్కుడు గింజల ముద్దను పంది కొవ్వులో వేయించే అలవాటు ఉంది, అన్నాన్ని కోడి ఉడికించిన నీళ్ళలో వండే అలవాటూ ఉంది. ఫ్రెంచి ఉల్లిపాయ సూపును సంప్రదాయంగా పశువుల ఎముకల రసంతో చేస్తారు. సీజర్ సలాడు మీద పోసే చిక్కటి సాసులో ఆంకోవీ అనే చిన్న చేపలు ఉంటాయి. పాలు తాగే శాకాహారులు కూడా గమనించవలసినది పార్మిజానో రెజ్జానో చీజు. దాన్ని దూడ కడుపులోని పొర నుంచి తీసిన రెన్నెట్ అనే పదార్థంతోనే పాలు విరిచి చేస్తారు, ఇటలీలో ఆ చీజుకు ఉన్న నిబంధన అది. వడ్డించే మనిషి "ఇందులో మాంసం లేదు" అని చెప్పడంలో అబద్ధమేమీ ఉండదు. వాళ్ళ లెక్కలో అది మాంసం కాదు, అంతే.

ఈ విషయం మీద శాకాహారులు కోర్టు దాకా వెళ్ళిన సందర్భం కూడా ఉంది. మెక్‌డొనాల్డ్స్ సంస్థ 1990లో బంగాళాదుంప వేపుడుకు పశువుల కొవ్వు మాని, గింజల నుంచి తీసిన నూనెలకు మారింది. అయితే అమెరికాలో ఆ వేపుడులో గొడ్డుమాంసం నుంచి తీసిన రుచికారకం కొనసాగింది. అది తెలియక తిన్న హిందువులు, ఇతర శాకాహారులు 2001లో సియాటిల్‌లో దావా వేశారు. 2002లో సంస్థ క్షమాపణ చెప్పి, శాకాహార సంఘాలకు, హిందూ సంఘాలకు, మరికొన్నింటికి కలిపి కోటి డాలర్లు ఇవ్వడానికి ఒప్పుకుంది. అంత జరిగిన తరువాత కూడా అమెరికాలోని ఆ వేపుడులో ఆ రుచికారకం ఉంది, అందులో పాల నుంచి తీసిన పదార్థమూ ఉంది. ఇది తెలిసిన నాటి నుంచి, పిల్లలు అడిగినా సరే, దారి పక్కన ఆగి కొనే బంగాళాదుంప వేపుడు ఏ నూనెలో వేయించారో, దాని మీద ఏమి చల్లారో కనుక్కోకుండా మేము కొనడం లేదు.

కాలక్రమంలో మాకు అడిగే పద్ధతి ఒకటి ఏర్పడింది. "ఇది శాకాహారమేనా?" అని అడగడం వల్ల ప్రయోజనం తక్కువ, ఎందుకంటే అవుననో కాదనో చెప్పేసి వెళ్ళిపోవడానికి వీలిచ్చే ప్రశ్న అది. దానికి బదులు, ఈ సూపుకు వాడిన నీళ్ళలో ఏమి ఉడికించారు, ఈ కూరగాయలను దేనిలో వేయించారు, ఈ పాస్తా ఇక్కడ చేసినదా ఎండు పాస్తానా, ఈ బన్ను పైన గుడ్డు పూశారా అని విడివిడిగా అడుగుతాము. అప్పుడే కలిపిన పాస్తా పిండిలో సాధారణంగా గుడ్డు ఉంటుంది, ఎండు పాస్తా ఎక్కువగా గోధుమ రవ్వ, నీళ్ళు మాత్రమే. ఈ ప్రశ్నలు రాత్రి ఎనిమిది గంటలకు, కిక్కిరిసిన హోటల్లో నిలబెట్టి అడిగితే ఎవరికీ ఓపిక ఉండదు. మధ్యాహ్నం మూడు నుంచి ఐదు లోపల, వంటవాళ్ళు సాయంత్రానికి సిద్ధమవుతున్న వేళ ఫోను చేస్తే చాలా చోట్ల స్వయంగా వంటగదిలోకి వెళ్ళి కనుక్కుని వచ్చి చెప్పారు. టేబులు బుక్ చేసేటప్పుడు అవసరాలు రాయడానికి ఒక గడి ఉంటుంది, అక్కడ గుడ్డు, వెన్న, చీజు, మాంసపు రసం, చేపల సాసు అన్నీ పేరు పేరునా రాస్తే తరువాతి పని తేలికవుతుంది.

నాకు తెలిసిన కొందరు మిత్రులు ఈ బాధ పడలేక పాలు, గుడ్డు తమకు అలర్జీ అని చెప్పేస్తారు. అలా చెబితే వంటగదిలో వెంటనే జాగ్రత్త పడతారన్నది నిజమే. కానీ అలర్జీ అన్న మాట వినగానే మంచి హోటల్లో గిన్నెలు, గరిటెలు, చెక్కపలకలు మార్చి, ఒక మనిషిని ఆ పళ్ళెం కోసమే కేటాయిస్తారు. ఆ ఏర్పాటు ప్రాణం మీదికి వచ్చే ప్రమాదం ఉన్నవాళ్ళ కోసం. అలర్జీ అని చెప్పిన మనిషే కాసేపటికి పక్కవాళ్ళ ఐస్‌క్రీము రుచి చూస్తుంటే, ఆ తరువాత నిజంగా అలర్జీ ఉన్న మనిషి వచ్చి చెప్పినా వంటవాళ్ళు నమ్మకపోవచ్చు. అందువల్ల మేము ఉన్న సంగతి ఉన్నట్టే చెబుతాము. ఇది మా నియమం, ఇది ఆమె ఆరోగ్యానికి సంబంధించినది అని రెండింటినీ వేరు చేసి చెప్పినప్పుడు గౌరవించని హోటలు మాకు ఎక్కడో గాని తగలలేదు.

మనవాళ్ళ హోటళ్ళు ఉన్నాయి కదా అని ఎవరికైనా అనిపించవచ్చు. లెక్సింగ్టన్ అవెన్యూ మీద 26, 27, 28 వీధుల చుట్టుపక్కల దక్షిణాది శాకాహార హోటళ్ళు వరుసగా ఉన్నాయి, చెన్నై నుంచి వచ్చిన శరవణ భవన్ కూడా అక్కడిదే. క్వీన్స్‌లోని ఫ్లషింగ్‌లో 1977లో కుంభాభిషేకం జరిగిన గణపతి ఆలయం కింది అంతస్తులో క్యాంటీన్ ఉంది, అక్కడి దోసె కోసం భక్తులు కానివాళ్ళు కూడా ఏడో నంబరు రైలెక్కి వస్తారు. నాకు, మా అమ్మకు ఈ చోట్లు నిశ్చింత. నా భార్యకు మాత్రం ఇవే కష్టం. మాంసం, గుడ్డు గురించి ఏ భయమూ లేదు గాని, మన వంటలో నెయ్యి ఎక్కడ లేదో చెప్పడం కష్టం. దోసె పెనం మీద, ఉప్మా పోపులో, పొంగలి నిండా, ఇడ్లీ మీద, చివరికి పొడి కలుపుకోవడానికి ఇచ్చే చిన్న గిన్నెలో కూడా నెయ్యే. ఒక హోటల్లో నెయ్యి వద్దని రెండుసార్లు చెప్పినా, వడ్డించే పెద్దాయన ప్రేమ కొద్దీ "కొంచెమే వేశానమ్మా, ఏమీ కాదు" అంటూ నెయ్యి వేసిన దోసె తెచ్చిపెట్టాడు. మన దగ్గర నెయ్యి వేయడం ఆదరణ, వద్దనడం మొహమాటం కింద లెక్క. ఆ ఆదరణను కాదనడం ఇంగ్లీషులో చేపల సాసు గురించి అడగడం కన్నా కష్టమని నా భార్య అంటుంది, అది నిజమే.

ఈ పరిస్థితిలో మేము వీగన్ హోటళ్ళ వైపు తిరిగాము. మాంసం, గుడ్డుతో పాటు పాలు కూడా వాడని చోటు కనుక ఆమెకు సరిపోతుందని మొదట వెతికినా, నాకూ అవే ఎక్కువ అనుకూలమని త్వరలోనే అర్థమైంది. ఇక్కడ శాకాహారమని రాసి ఉన్న పదార్థంలో గుడ్డు ఉండటానికి అభ్యంతరం లేదు, వీగన్ అని రాసి ఉంటే గుడ్డు ఉండదు. పాలు తాగే తెలుగు శాకాహారి కూడా బయట తినేటప్పుడు వీగన్ అని ఉన్నదే అడగడం మంచిదని నా అభిప్రాయం.

తొలుత వెళ్ళినవి చైనాటౌన్‌లోని బౌద్ధ శాకాహార హోటళ్ళు. అక్కడి పట్టికలో బాతు, పంది, రొయ్య, ఆవు అన్ని పేర్లూ ఉంటాయి, వస్తువు మాత్రం అంతా సోయా, పుట్టగొడుగు, కంద జాతి దుంప పిండి, లేదా గోధుమ పిండిని నీళ్ళలో కడిగి గంజి పోగా మిగిలే జిగురు ముద్ద. మాంసం తిని మానేసినవాళ్ళకు ఆ రుచి, ఆ నమలడం ఊరటగా ఉంటాయి, అందులో తప్పేమీ లేదు. పుట్టినప్పటి నుంచి మాంసం ఎరగని మాకు ఆ పోలిక పనికిరాలేదు సరికదా, అది ఎంత బాగా కుదిరితే అంత తినలేకపోయాము. అదే హోటళ్ళలో వెదురు మొలకలు, తామర తూడు, అల్లంతో తిప్పి దించిన ఆకుకూరలు, టోఫు (సోయా పాలు విరిచి చేసే గడ్డ) పులుసు మాత్రం చక్కగా ఉన్నాయి. పోలికల వంటలు ఉన్న పేజీ తిప్పేసి, ఆకుకూరలు, టోఫు ఉన్న పేజీ తెరవడం అలవాటు చేసుకున్నాము. ఆ హోటళ్ళ వల్ల మరొక మేలు కూడా జరిగింది. చైనా బౌద్ధ సంప్రదాయంలో ఉల్లి, వెల్లుల్లి నిషిద్ధం కనుక, కార్తీక మాసంలో ఆ రెండూ ముట్టని మా అమ్మ ఇక్కడ ఉన్నప్పుడు, అవి లేకుండా ఏవి చేస్తారో ఒక్క మాట అడిగితే వేలుతో చూపించారు.

పాత్ స్టేషన్ నుంచి నడిచి వెళ్ళగలిగినంత దూరంలో, 32వ వీధిలో, కొరియా వంటల హోటలు హన్‌గావి ఉంది. 1994 నుంచి నడుస్తున్న ఆ హోటల్లో మాంసం, చేప ఉండవు. గుమ్మం దగ్గర చెప్పులు విడిచి లోపలికి వెళ్ళాలి. పొట్టి బల్లల ముందు కూర్చోవాలి, బల్ల కింద కాళ్ళు దించుకోవడానికి గుంట ఉంటుంది కనుక మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళకు ఇబ్బంది లేదు. చెప్పులు విడవమనడంతోనే మా అమ్మకు ఆ చోటు మీద గౌరవం కలిగింది. గుమ్మడికాయ జావ, రాతి గిన్నెలో చిటపటలాడుతూ వచ్చిన కూరగాయల అన్నం తిన్నాము. కొరియా వాళ్ళ ఊరగాయ కిమ్చీలో మామూలుగా చేపల సాసో ఉప్పు రొయ్యలో కలుపుతారు, అందుకని కొరియా వీధిలో ఎన్నిసార్లు నడిచినా మేము అంతవరకు దాన్ని ఎన్నడూ రుచి చూడలేదు. ఆ వీధిలో ఎవరినీ ఏమీ అడగకుండా కిమ్చీ తినగలిగిన మొదటి చోటు అదే.

కొరియా బౌద్ధ ఆలయాల వంట గురించి తరువాత చదివినప్పుడు, అక్కడి సన్యాసులు వర్జించే ఐదింటిలో వెల్లుల్లి, ఉల్లి జాతి మొక్కలతో పాటు ఇంగువ కూడా ఉందని తెలిసి ఆశ్చర్యపోయాను. మన దగ్గర ఉల్లి, వెల్లుల్లి తినని ఇళ్ళలో పోపుకు ప్రాణం ఇంగువే. ఘాటు మనసును చలింపజేస్తుందన్న ఒకే నమ్మకం నుంచి బయలుదేరిన రెండు సంప్రదాయాలు ఇంగువ దగ్గర విడిపోయాయి. ఈ సంగతి అమ్మకు చెబితే, "అయితే వాళ్ళు పులిహోర ఎలా చేసుకుంటారురా?" అని ఎంతో జాలిపడింది.

మా అన్వేషణలో నాకు అన్నిటికన్నా విలువైనది బ్రూక్లిన్‌లోని బుష్విక్‌లో దొరికింది. బున్నా కేఫ్ అనే ఇథియోపియా హోటలు అది, అక్కడి వంటంతా వీగన్. ఆ దేశపు వంటలో ఇంత విస్తారమైన శాకాహారం ఉండటానికి కారణం ఉపవాసాలు. ఇథియోపియా ఆర్థడాక్స్ క్రైస్తవులు ఈస్టరు తరువాతి 50 రోజులు మినహా ఏడాది పొడవునా బుధ, శుక్రవారాల్లో ఉపవాసం పాటిస్తారు. ఈస్టరుకు ముందు 55 రోజుల దీక్ష ఉంటుంది, అవి కాక మరికొన్ని దీక్షలు ఉంటాయి. ఆ రోజుల్లో మాంసం, గుడ్డు, పాలు, వెన్న ఏవీ తినరు. సాధారణ భక్తులకే ఇవన్నీ కలిపి ఏటా సుమారు 180 రోజులు అవుతాయి. ఏడాదిలో సగం రోజులు పాలు, మాంసం లేకుండా గడిపే జనం తరతరాలుగా పప్పులతో, ఆకుకూరలతో ఎన్ని రుచులు సాధించారో అక్కడ చూశాను. వాళ్ళకు మన నెయ్యి వంటిదే ఒకటి ఉంది. సుగంధ ద్రవ్యాలు వేసి కాచి వడగట్టిన ఆ వెన్నను నితర్ కిబ్బె అంటారు. ఉపవాసపు వంటలో దాని బదులు నూనె వాడతారు, ఆ వంటకు లోటు వచ్చినట్టు ఎవరూ భావించరు. నెయ్యి లేని వంటను లోపంగా కాక ఒక దీక్షగా గౌరవించే చోట కూర్చోవడం నా భార్యకు ఎంత తృప్తినిచ్చిందో ఆమె ముఖంలోనే కనిపించింది.

అక్కడికి మా అమ్మను వేసవిలో తీసుకువెళ్ళాము. కార్తీకంలో అది కుదరదు, ఎందుకంటే వాళ్ళ పులుసులన్నీ సన్నగా తరిగిన ఉల్లిపాయలను చాలాసేపు మగ్గించడంతో మొదలవుతాయి. టెఫ్ అనే అతి సన్నని గింజల పిండిని కొన్ని రోజులు పులియబెట్టి, పెద్ద పెనం మీద ఒక వైపే కాల్చిన ఇంజెరా అనే అట్టును పెద్ద పళ్ళెం నిండా పరిచారు. దాని మీద ఎర్ర పప్పు ముద్దకూర, శనగపిండితో చేసిన షిరో, పసుపు వేసిన బద్దల పప్పు, క్యాబేజీ, క్యారెట్టు, బంగాళాదుంప కలిపి చేసిన కూర, ముదురాకుపచ్చని ఆకుకూర కుప్పలుగా పెట్టారు. ఇంజెరా తుంచి నోట్లో పెట్టుకున్న అమ్మ, "ఇది పుల్లట్టేరా, కాస్త ఎక్కువ పులిసింది" అని తేల్చింది. రుచి విషయంలో ఆమెకు ఏ సందేహమూ రాలేదు. సందేహమంతా పళ్ళెం గురించే.

"ఇంతమందిమి ఒకే పళ్ళెంలో చెయ్యి పెడితే ఎంగిలి కాదూ?" అని అమ్మ మెల్లగా అడిగింది.

"అత్తయ్యా, మీ వైపు వడ్డించినవి మీరు తినండి, ఆ వైపు మేమెవరమూ చెయ్యి పెట్టము. కావాలంటే విడిగా పళ్ళెం అడుగుతాను" అంది నా భార్య.

అమ్మ విడి పళ్ళెం వద్దని, పైటకొంగు సర్దుకుని, కుడిచేత్తో తన ముందున్న వైపు నుంచి తినడం మొదలుపెట్టింది. చెంచా, ఫోర్కు లేకుండా, కుడిచేత్తో మాత్రమే తినడం ఆ దేశపు మర్యాద కావడం వల్ల ఆమెకు అది కొత్త చోటుగా అనిపించలేదు. ఇథియోపియాలో భోజనం మధ్యలో ఒకరు ముద్ద చేసి మరొకరి నోట్లో పెట్టే ఆచారం ఉంది, దాన్ని గుర్షా అంటారు, అది ఆప్యాయతకు, గౌరవానికి గుర్తు. నేను ఆ మాట చెప్పీ చెప్పకముందే అమ్మ మా పాపకు ఇంజెరాలో పప్పు చుట్టి నోట్లో పెట్టడం అయిపోయింది. పక్క బల్ల దగ్గర కూర్చున్న ఇథియోపియా కుటుంబంలోని పెద్దావిడ అది చూసి చేతులు జోడించినట్టుగా తల వంచింది, అమ్మ కూడా వంచింది. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు. బయట భోజనానికి వెళ్ళి, మన పద్ధతిని దాచుకోవలసిన పని గాని, వివరించవలసిన పని గాని లేకుండా తిన్న సందర్భాలు నా ప్రవాస జీవితంలో తక్కువ. అందుకే ఎవరు అడిగినా ముందు ఈ హోటలు పేరు చెబుతాను. కాఫీ పుట్టిల్లు ఇథియోపియానే కనుక అక్కడి కాఫీ కూడా తాగాలి, పాలు కలపని ఆ కాఫీని ఫిల్టరు కాఫీకి అలవాటు పడిన అమ్మ సగం గిన్నె తాగి నాకు ఇచ్చింది.

ఇంతవరకు చెప్పినవి ఒక సంప్రదాయం మీద నిలబడిన వంటలు. సంప్రదాయం ఊతం లేకుండా, కూరగాయ ఒక్కదాన్నే నమ్ముకుని నడిచే హోటలు డర్ట్ క్యాండీ. వంటమాస్టరు అమాండా కోహెన్ 2008లో ఈస్ట్ విలేజ్‌లో, తొమ్మిదో వీధిలో 18 కుర్చీలు పట్టే ఇరుకు గదిలో దాన్ని ప్రారంభించారు. 2015లో లోయర్ ఈస్ట్ సైడ్‌లోని అలెన్ వీధికి, పెద్ద చోటికి మారారు. 2022లో దానికి, మేలైన హోటళ్ళను ఎంచి మిషెలిన్ గైడు ఇచ్చే నక్షత్రం వచ్చింది. ఆరోగ్యం కోసమో, పాపభీతితోనో కాకుండా రుచి కోసమే కూరగాయ తినాలన్నది ఆమె మొదటి నుంచీ చెబుతున్న మాట. అక్కడ వంటకాలు విడివిడిగా ఎంచుకునే పద్ధతి లేదు, ఒకదాని తరువాత ఒకటి వంటకాలు వచ్చే, ఋతువును బట్టి మారే వరుస భోజనం ఒకటే ఉంటుంది, ఒక్కొక్కరికి వంద డాలర్ల పైమాటే. మామూలు వరుసలో గుడ్డు, పాలు ఉంటాయి గనుక, వీగన్ వరుస కావాలని బుక్ చేసేటప్పుడే రాశాము.

మా పెళ్ళిరోజుకు అక్కడికి వెళ్ళినది టమాటాల కాలంలో. ఒక విడతలో వచ్చినదంతా టమాటాయే. కొంత పచ్చిది, కొంత నిప్పుల మీద కాల్చినది, కొంత ఎండబెట్టి రుచి గట్టిపరచినది, కొంత వడగట్టి తీసిన తేట. ఉల్లిపాయలో చక్కెర ఉందని మనకు తెలుసు, మగ్గిన ఉల్లి తియ్యనని రోజూ చూస్తాము. కానీ భోజనం చివరి తీపి పదార్థాన్ని కూడా కూరగాయతోనే చేసి మెప్పించడం నేను అక్కడే చూశాను. దీన్ని చూసి నేను ఆశ్చర్యపడలేదంటే అబద్ధమవుతుంది, అయితే మన వంటతో పోల్చి చిన్నబుచ్చుకోలేదు కూడా. ఒక్క వంకాయను గుత్తిగా వండి, కాల్చి పచ్చడి చేసి, అల్లం కారం పెట్టి, ఆవ పెట్టి, పులుసులో వేసి, వేపుడు చేసే ఇంట్లో పెరిగినవాణ్ణి నేను. ఒక కూరగాయ మీద ఇంత ఆలోచన పెట్టడం మాకు కొత్త కాదు. ఆ ఆలోచనకు నగరంలో ఇంత ఖరీదు, ఇంత గౌరవం దక్కడం మాత్రం నాకు కొత్తగా, సంతోషంగా అనిపించింది. మన గోంగూర, కంద, దొండకాయ, అరటిపువ్వు, పెండలం ఇదే శ్రద్ధతో వడ్డించే తెలుగు హోటలు ఈ నగరంలో ఒకటి రావాలని నా కోరిక. ఇక్కడి మన హోటళ్ళు పనీరు దగ్గర, బంగాళాదుంప దగ్గర ఆగిపోవడం చూస్తే నాకు బాధ కలుగుతుంది.

డర్ట్ క్యాండీ ఖాళీ చేసిన ఆ తొమ్మిదో వీధి గదిలోనే 2015లో సుపీరియారిటీ బర్గర్ అనే శాకాహార హోటలు మొదలైంది. వేరే పెద్ద హోటల్లో మిఠాయిల మాస్టరుగా పేరు పొందిన బ్రూక్స్ హెడ్లీ దాన్ని పెట్టారు. 2023లో అదే పేటలోని 'అవెన్యూ ఎ' అనే వీధి మీద మరింత విశాలమైన చోటికి మారింది. అక్కడి బర్గరు గింజలతో, ధాన్యంతో చేసినది, అది గొడ్డుమాంసాన్ని అనుకరించదు. ఖరీదు కూడా మామూలు మనిషికి అందుబాటులో ఉంటుంది. పిల్లలతో వెళ్ళేటప్పుడు మాకు అదే బాగుంది. వీగన్ కాని పదార్థాలు కూడా ఉంటాయి గనుక అడిగి తీసుకోవాలి.

ఇటువంటి హోటళ్ళు నిలబడటం తేలిక కాదు. 1976 నుంచి ఈస్ట్ విలేజ్‌లో వీగన్ భోజనం పెట్టిన ఏంజెలికా కిచెన్ 2017లో మూతపడింది, మేము దాని పేరు వినేటప్పటికే అది లేదు. మూడు మిషెలిన్ నక్షత్రాలున్న ఎలెవెన్ మాడిసన్ పార్క్ 2021 జూన్‌లో తిరిగి తెరిచినప్పుడు మాంసం, చేప పూర్తిగా మాని, మనిషికి 335 డాలర్ల శాక భోజనం పెడతామని ప్రకటిస్తే ప్రపంచమంతా మాట్లాడుకుంది. ఆ ఖర్చు మా శక్తికి మించినది కనుక మేము వెళ్ళలేదు గాని, వార్త చదివి ఎంతో సంతోషించాము. 2025 అక్టోబరు నుంచి ఆ హోటలు మళ్ళీ కొన్ని మాంసపు వంటకాలు పెడుతోంది, శాక భోజనాన్ని మాత్రం కొనసాగిస్తోంది. కొందరు దీన్ని శాకాహారం ఓడిపోవడంగా రాశారు. నేను అలా అనుకోను. మాంసం తినేవాళ్ళను ఆకట్టుకోవడానికి శాకాహారం వైపు వచ్చిన చోటు, వాళ్ళు తగ్గితే వెనక్కి వెళ్ళడం సహజం. హన్‌గావికి గాని, బున్నా కేఫ్‌కు గాని ఆ ఇబ్బంది లేదు, వాళ్ళ వంటకు వెనుక ఆలయమో ఉపవాసమో ఉంది.

ఖర్చు గురించి ఒక మాట చెప్పాలి. పట్టికలో కనిపించే ధర మనం కట్టే ధర కాదు. న్యూయార్కు నగరంలో హోటలు బిల్లు మీద 8.875 శాతం అమ్మకపు పన్ను పడుతుంది, వడ్డించినవాళ్ళకు 20 శాతం దాకా టిప్పు ఇవ్వడం మర్యాద. 60 డాలర్ల భోజనం ఈ రెండూ కలిసేసరికి 77 డాలర్లు దాటుతుంది. వడ్డించేవాళ్ళ జీతం చాలావరకు ఆ టిప్పు మీదే ఆధారపడి ఉంటుంది కనుక, అన్ని ప్రశ్నలు ఓపికగా విని వంటగదికి తిరిగిన మనిషికి తక్కువ ఇవ్వడం న్యాయం కాదని మా ఇంట్లో అందరి అభిప్రాయం. మధ్యాహ్నం భోజనానికి వెళితే చాలా చోట్ల అదే వంట తక్కువ ధరకు దొరుకుతుంది.

ఇప్పుడు ఊరి నుంచి ఎవరైనా వస్తున్నారంటే ముందుగా వాళ్ళు ఏమి తింటారో, ఏ వారం ఏది ముట్టరో ఫోనులో అడిగి రాసుకుంటాను. ఉల్లి, వెల్లుల్లి అభ్యంతరం లేకపోతే బున్నా కేఫ్‌కు, నడవలేనివాళ్ళైతే స్టేషనుకు దగ్గరని హన్‌గావికి, పిల్లలు ఎక్కువగా ఉంటే సుపీరియారిటీ బర్గర్‌కు, దీక్షలో ఉంటే చైనాటౌన్‌కు లేదా ఫ్లషింగ్ ఆలయానికి తీసుకువెళతాము. వచ్చే వేసవిలో మా మామగారు వస్తున్నారు. ఆయనకు మధుమేహం ఉంది, అన్నం తగ్గించారు, పైగా కారం పడదు. టెఫ్ గింజ ఆయనకు సరిపోతుందేమో డాక్టరును కనుక్కోమని నా భార్య ఇప్పటికే ఆయనకు చెప్పింది, కారం వేయని పప్పు, ఆకుకూర ఏ రోజుల్లో ఉంటాయో నేను హోటలుకు ఫోను చేసి అడగాలి.